జొన్నలు వేరు, రూకలు వేరు: సజాతి పదముల కథ

సాయంకాలము దీపములు పెట్టువేళ ప్రొద్దుటూరులో గాని, జమ్మలమడుగులో గాని, పులివెందులలో గాని ఏ యింటికి పోయి చూచినను ఒక దృశ్యము తరచుగా కానవచ్చును. ఏడవ తరగతి చదువు పిల్లవాడు లెక్కల పుస్తకము ముందుంచుకొని కూర్చుండును. మూడు ఎక్స్‌లకు ఐదు కలుపుమని లెక్క. పిల్లవాడు క్షణమైనను ఆలోచింపక ‘ఎనిమిది ఎక్స్‌లు’ అని వ్రాయును. మరునాడు ఆ జవాబుపై ఎఱ్ఱసిరాతో అడ్డగీత పడును. “నాయనా, మూడూ ఐదూ కలిపితే ఎనిమిదే కదా?” అని పిల్లవాడు తండ్రి నడుగును. ఆ తండ్రి ప్రొద్దుట మొదలు సాయంత్రము దాక వేరుసెనగ కాయలు తూచి, బస్తాలు లెక్కించి, ఒక్క పైసా తప్పుపోనీయని మనిషి. “ఎనిమిదే గదప్పా” అని ఆయనయు ఊరకుండును.

జవాబు తప్పేయని అందరును చెప్పుదురు. ఎందుకు తప్పో చెప్పువారు తక్కువ. ఆ ‘ఎందుకు’ అను మాట వెనుక పదునాలుగు వందల ఏండ్ల చరిత్ర కలదు. శ్రోతలారా, ఈ ప్రసంగమున ఆ చరిత్రనే కొంత చెప్పుకొందము.

ముందుగా మా యింటి ముచ్చట యొకటి మనవిచేయుదును. చిన్ననాట నేను పులివెందుల ప్రాంతమునందలి ఒక పల్లెలో మా అవ్వ యొద్ద పెరిగితిని. అవ్వకు అక్షరము రాదు. అయినను పదిండ్లవారికి చేబదులిచ్చు మనిషి. ఎఱ్ఱమట్టితో అలికిన వంటయింటి గోడయే ఆమెకు ఖాతాపుస్తకము. గోడమీద ఇంటికొక చోటు. బొగ్గుతో గీచిన నిలువుగీత శేరు జొన్నలకు గుర్తు. సున్నముతో పెట్టిన చుక్క రూపాయికి గుర్తు. ఒకనాడు ఒక యింటివారి చోట మూడు గీతలును ఐదు చుక్కలును ఉండెను. బడిలో కూడికలు నేర్చిన గర్వముతో నేను, “అవ్వా, ఎనిమిదని ఒక్కచోటే పెట్టుకుంటే సరిపోతుంది కదా” అంటిని. అవ్వ నవ్వి, “జొన్నలు వేరే, దుడ్లు వేరే నాయనా. రెండూ కలిపినావంటే వాళ్లేమియ్యాల్నో వాళ్లకూ తెలీదు, నాకూ తెలీదు” అనెను. తరువాత నాలుగునాళ్లకు ఆ యింటివారే మరి రెండు శేర్లు జొన్నలు పట్టుకొనిపోయిరి. అవ్వ మూడు గీతల ప్రక్కనే మరి రెండు గీతలు గీచెను. చుక్కల జోలికి పోలేదు. గీతలు ఐదు, చుక్కలు ఐదు.

బీజగణితమున సజాతి పదములను కలుపుట యనగా ఇంతకన్న వేరు కాదు. మూడు ఎక్స్‌లకు రెండు ఎక్స్‌లు కలిసి ఐదు ఎక్స్‌లగును. ఆ ప్రక్కనున్న ఐదు ఐదుగనే నిలుచును. పాఠ్యపుస్తకము ఒకే జాతివానిని సజాతి పదములనియు, వేరు జాతులవానిని విజాతి పదములనియు పిలుచుచున్నది. ఈ ‘జాతి’ యను మాట నిన్న మొన్న పుట్టినది కాదు. మన ప్రాచీన గణితశాస్త్రజ్ఞుల నుండి నేరుగా మన పిల్లల పలకమీదికి వచ్చినది.

క్రీస్తు శకము 628వ సంవత్సరమున బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతము’ అను జ్యోతిశ్శాస్త్ర గ్రంథమును రచించెను. నేటి రాజస్థానములోని భిన్మాల్ ఆయన ఊరని ప్రతీతి. అప్పటికి అర్ధశతాబ్దికి పూర్వమే, అనగా సుమారు 575వ సంవత్సర ప్రాంతమున, మన ప్రొద్దుటూరునకు చేరువనున్న కలమళ్లలో రేనాటి చోళరాజైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు తెలుగున శాసనము వేయించి యుండెను. మన భాష రాతిపై నిలద్రొక్కుకొను కాలముననే ఉత్తరదేశమున తెలియని సంఖ్యలకు వ్యాకరణ మేర్పడుచుండెనన్న మాట.

ఆ వ్యాకరణమున బ్రహ్మగుప్తుడు చేసిన విధి సూటియైనది. తెలియని రాశి, దాని వర్గము, దాని ఘనము, ఆ పైఘాతములు: వీనిలో సమానమైనవానికే కూడికయు తీసివేతయు చెల్లును, అసమానమైనవానిని వేరువేరుగా ఉంచవలెను. ఇదియే ఆయన మాటల సారాంశము. నేడు ఏడవ తరగతి పిల్లవాడు నేర్చు సూత్రమునకును దీనికిని భేదము లేదు.

రాశియు దాని వర్గమును వేరు జాతులెట్లయినవని కొందరికి సందేహము కలుగవచ్చును. దీనికి దూరము పోనక్కరలేదు. జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతముల గనులనుండి నాపరాళ్లు లారీలకెక్కి దేశదేశములకు పోవుచున్నవి. కడప బండలని వానికి పేరు. ఒక గదికి బండలు పరపింపదలచినవాడు నేలను చదరపు అడుగులలో లెక్కించును. గోడ వెంబడి వేయు పట్టీని అడుగులలో లెక్కించును. నూరు చదరపు అడుగుల నేలయు, నలువది అడుగుల పట్టీయు కావలెనన్నచో నూటనలువది యని ఏ మేస్త్రీయు చెప్పడు. చెప్పినచో ఏ రాయి ఎంత కోయవలెనో తెలియదు. పొడవు ఒక జాతి, వైశాల్యము మరొక జాతి. ఎక్స్ పొడవైనచో, ఎక్స్ వర్గము వైశాల్యము. రెండును ఎక్స్ నుండి పుట్టినవే యైనను కలిసిపోవు.

తెలియని రాశికి మన పూర్వులు ‘యావత్తావత్’ అని పేరుపెట్టిరి. ‘ఎంతయో అంత’ అని దాని యర్థము. తెలియనివి ఒకటికన్న ఎక్కువైనపుడు రంగుల పేర్లు తెచ్చిరి: నలుపునకు కాలకము, నీలమునకు నీలకము, పసుపునకు పీతకము, ఎరుపునకు లోహితకము. వ్రాయునపుడు మొదటి యక్షరమును మాత్రము గ్రహించి యా, కా, నీ అని వ్రాసిరి. తెలిసిన సంఖ్యకు ‘రూపము’ అని పేరు, గుర్తు ‘రూ’. వర్ణమనగా రంగు, వర్ణమనగా అక్షరము కూడ. అవ్వ గోడమీది బొగ్గునలుపునకును సున్నపుతెలుపునకును, పండితుల కాలకపీతకములకును నడుమ నాకు పెద్ద దూరము కనబడదు. రెండును ఒక అవసరమునకే పుట్టినవి: కలియరాని వానిని కలియనీయకుండ కన్నులకు కట్టినట్లు చూపుట.

బ్రహ్మగుప్తుని తరువాత రెండు శతాబ్దములకు, సుమారు 850 ప్రాంతమున, రాష్ట్రకూటరాజగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున మహావీరాచార్యుడను జైనపండితుడు ‘గణితసారసంగ్రహము’ను సంస్కృతమున రచించెను. దీనితో మనకు దగ్గరి చుట్టరికము కలదు. తెలుగున తొలి గణితగ్రంథకర్తయని సాహిత్యచరిత్రకారులు పేర్కొను పావులూరి మల్లన పద్యములలోనికి తెచ్చినది ఈ గ్రంథమునే. సంస్కృతమూలమును 1912లో మద్రాసు ప్రభుత్వము ఎం. రంగాచార్యులవారి ఆంగ్లానువాదముతో ప్రకటించెను.

మహావీరుని గ్రంథమున పండ్ల లెక్క యొకటి మిక్కిలి ప్రసిద్ధము. తొమ్మిది మాదీఫలములకును ఏడు వెలగపండ్లకును కలిపి వెల 107. ఏడు మాదీఫలములకును తొమ్మిది వెలగపండ్లకును కలిపి వెల 101. ఒక్కొక్క పండు వెల యెంత? పులివెందుల తోటలవారికి మాదీఫలమునకు బదులు చీనీకాయ యన్నచో మరింత చేరువగ తోచును. రెండు జాతుల పండ్లు, రెండు మొత్తములు. తొమ్మిదియు ఏడును పదునారు పండ్లని కలిపి 107ను పదునారుచే భాగించినచో ఏ పండు వెలయు రాదు. జాతులను చెదరనీయకుండ పోవలెను.

రెండు బేరములను కలిపి చూడుడు. మాదీఫలములు తొమ్మిదియు ఏడును పదునారు, వెలగపండ్లు ఏడును తొమ్మిదియు పదునారు, వెల 208. కావున ఒక మాదీఫలమునకును ఒక వెలగపండునకును కలిపి 13. ఇక మొదటి బేరమునుండి రెండవదానిని తీసివేయుడు. మాదీఫలములు రెండు ఎక్కువ, వెలగపండ్లు రెండు తక్కువ, వెలలో భేదము 6. అనగా వెలగపండు కన్న మాదీఫలము వెల 3 ఎక్కువ. రెండింటి మొత్తము 13, భేదము 3. మాదీఫలము వెల 8, వెలగపండు వెల 5. ఈ దారిలో మాదీఫలము మాదీఫలముతోనే కలిసినది, వెలగపండు వెలగపండుతోనే కలిసినది. ఆ క్రమము తప్పలేదు కనుకనే చిక్కు విడినది.

1114లో జన్మించిన రెండవ భాస్కరాచార్యుడు తన ‘బీజగణితము’న ఈ నియమమును మరల స్థిరపరచెను. కూడికయు తీసివేతయు సమానజాతులకే. భిన్నజాతులు విడివిడిగా నిలువవలెనని ఆయన మాటలకు తాత్పర్యము. మన ‘సజాతి’, ‘విజాతి’ యను మాటలలో ధ్వనించునది ఈ పలుకే. నియమము చెప్పుటయే కాక దాని ఫలమును చూపుటకు ఆయన ఇద్దరు ధనికుల కథ నొకటి కల్పించెను. ఒకనికి ఆరు గుఱ్ఱములును 300 రూకలును కలవు. రెండవవానికి అదే వెలగల గుఱ్ఱములు పది కలవు గాని 100 రూకల అప్పు కూడ కలదు. ఇద్దరి ఆస్తియు సమానము. గుఱ్ఱము వెల యెంత?

భాస్కరుని కాలపు పద్ధతిలో దీనిని రెండు వరుసలుగా వ్రాయుదురు. మొదటి వరుసలో యా 6, రూ 300. దాని క్రింద యా 10, రూ 100. అప్పని తెలియుటకు ఆ నూటిపై ఒక చుక్క. గుఱ్ఱముల క్రింద గుఱ్ఱములు, రూకల క్రింద రూకలు. ఈ అమరికలోనే సగము సాధన కలదు. ఇరువురి నుండియు ఆరేసి గుఱ్ఱములను తొలగింపుడు. మొదటివానికి 300 రూకలు మిగులును. రెండవవానికి నాలుగు గుఱ్ఱములును 100 రూకల అప్పును మిగులును. ఇరువురికిని నూరేసి రూకలిండు. రెండవవాని అప్పు తీరును. మొదటివానికి 400 అగును. నాలుగు గుఱ్ఱములు 400. గుఱ్ఱము వెల 100. సరిచూచుకొన్నచో ఒక్కొక్కరి ఆస్తి 900.

ధనము, ఋణము అను మాటలు కూడ ఇచటనే గమనింపదగినవి. తీసివేత గుర్తుగల సంఖ్యను మన పిల్లలు నేటికిని ఋణసంఖ్య యనియే చదువుచున్నారు. రెండవ బొంబాయి యని పేరుగన్న ప్రొద్దుటూరి అంగళ్లలో జమయు ఖర్చును ఎరిగినవానికి ఋణసంఖ్య వింత కాదు. శాస్త్రము అంగడినుండి మాటను తీసికొని, దానికి నియమము కట్టి, మరల మనకే యిచ్చినది.

ఈ భావము మన దేశమునకు మాత్రమే పరిమితము కాదు. క్రీస్తు శకము మూడవ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరమున నుండిన డయోఫాంటస్, సమీకరణమునకు రెండు వైపుల నుండి ఒకే తెగవానిని తొలగించుచు పోవలెనని చెప్పెను. ఆయన వాడిన ‘ఐడోస్’ అను గ్రీకుమాటకు తెగ, జాతి యనియే అర్థము. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదు నగరమున అల్ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథము పేరులో ‘అల్ జబ్ర్’, ‘అల్ ముకాబలా’ అను రెండు మాటలున్నవి. లోటును పూరించుట మొదటిది. రెండు వైపుల నున్న సజాతులను ఎదురెదురుగా పెట్టి తొలగించుట రెండవది. మొదటి మాట నుండియే ఆల్జీబ్రా యను పేరు వచ్చినది. 1591లో ఫ్రాన్సుదేశీయుడు వియెటా, ఒకే తీరుగల రాశులనే పోల్చి కలుపవలెనని దానిని తన శాస్త్రమునకు తొలి ధర్మముగ చేసికొనెను. 1637లో డేకార్టు తెలియని రాశులకు ఎక్స్, వై, జెడ్ అను అక్షరముల నిచ్చెను. నేటి మన పిల్లల ఎక్స్ ఆనాటిదే. 1817లో కోల్‌బ్రూక్ బ్రహ్మగుప్త భాస్కరుల బీజగణితమును ఆంగ్లీకరించి లండనులో ప్రకటించెను. ఒకరి భాష యొకరికి తెలియని దేశములలో సైతము లెక్క చేయువారు జాతి యను భావము కడకే వచ్చి చేరిరి. ఆ దారి తప్పినచో లెక్క నిలువదు.

అట్లయిన విజాతులు ఎన్నటికిని కలియవా? కలియును. దానికొక కొలత కావలెను. మన సీమ చరిత్రయే ఇందుకు సాక్ష్యము. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. 1807 వరకు థామస్ మన్రో ఇచట ప్రధాన కలెక్టరుగా నుండెను. అంతకుముందు మన పల్లెలలో భూమిని విత్తనముతో కొలుచు వాడుక యుండెడిది. ఇన్ని తూముల విత్తు పట్టు నేల యని చెప్పుకొనెడివారు. నల్లరేగడి తూమును గులకనేల తూమును ఒకటి కావు. కావున రెండు గ్రామముల భూమిని కలిపి ఇంత యని చెప్పుట దుర్ఘటము. మన్రో సర్వేలో 33 అడుగుల గొలుసు వాడిరి. గొలుసు చదరము 1089 చదరపు అడుగులు. అట్టివి 40 చేరినచో ఎకరము, అనగా 43,560 చదరపు అడుగులు. భూములు మారలేదు, కొలత మారినది. విజాతులుగ నున్నవి సజాతులైనవి. అప్పుడు గాని జిల్లా మొత్తము కూడిక సాధ్యము కాలేదు.

నాణెముల సంగతియు అంతే. రూపాయికి పదునారణాలు, అణాకు పండ్రెండు పైలుండిన కాలమున రూపాయలు రూపాయలతో, అణాలు అణాలతో కూడి, పదునారు నిండినపుడు రూపాయికి మార్చుకొనెడివారు. 1957 ఏప్రిలు 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చి రూపాయికి నూరు నయాపైసలైనవి. మార్పు సులభమైనదే గాని జాతిభేదము పోలేదు. పైసను రూపాయితో నేరుగా కూడరాదు.

ఎక్స్ సంగతి ఇచట తేటపడును. మూడు ఎక్స్‌లును ఐదును ఎందుకు కలియవనగా, ఎక్స్ వెల ఇంకను తెలియదు. తెలిసిననాడు రెండును సంఖ్యలే, తప్పక కలియును. తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయకుమని మాత్రమే ఈ నియమము చెప్పుచున్నది. అందుచే దీనిని నేను లెక్కల సూత్రమనుట కన్న సత్యవ్రతమనుటకే ఇష్టపడుదును.

పిల్లలకు దీనిని బోధించుటకు ఒక ఉపాయము కలదు. ఎనిమిది ఎక్స్‌లని వ్రాసిన పిల్లవానిని కసరక, ఎక్స్ ఒకటైనచో ఏమగునో చూడుమనుడు. మూడును ఐదును ఎనిమిది. ఎనిమిది ఎక్స్‌లును ఎనిమిదే. సరిపోయినది! పిల్లవాడు సంతోషించును. ఇక ఎక్స్ రెండనుడు. మూడు రెండ్లు ఆరు, ఐదు కలిపి 11. ఎనిమిది రెండ్లు 16. ఎక్స్ పది యనుడు. ఒక వైపు 35, మరొక వైపు 80. శేరు జొన్నలు సరిగా ఒక్క రూపాయి యైననాడు మాత్రమే మా అవ్వ గోడమీద ‘ఎనిమిది’ నిజము. ధర మారిన మరునాడు అబద్ధము. పిల్లవాని తప్పు మూర్ఖత కాదు. ఒక్కచోట సరియైనదానిని అన్నిచోట్ల సరియని భ్రమించుటయే. ఆ భ్రమ పెద్దలకును కలదు.

సరియైన సంక్షేపము అట్లు మోసగింపదు. ఉదయము దుకాణమునుండి నాలుగు కిలోల చక్కెరయు ఏడు రూపాయల సరుకును తెచ్చితిమనుకొనుడు. సాయంకాలము మరి రెండు కిలోల చక్కెర తెచ్చి, మూడు రూపాయల సరుకు తిరిగి యిచ్చితిమి. లెక్క ఆరు కిలోల చక్కెర, నాలుగు రూపాయలు. చక్కెర ధర పదియైనను నలువదియైనను ఈ మాట నిలుచును. పది యనుకొన్నచో విడివిడిగా చూచినను 64, కుదించి చూచినను 64. మాట చిన్నదైనది, అర్థము చెడలేదు.

నాతో చదివిన బాలుడొకడు ఈ ఎనిమిది ఎక్స్‌ల మూలమున బడి మానెను. ఎందుకు తప్పో ఎవ్వరును చెప్పలేదు. నాలుగుసార్లు అదే వ్రాసెను, నాలుగుసార్లు దెబ్బలు తినెను, ఐదవనాడు రాలేదు. నేడతడు చీనీతోటల బేరగాడు. చెట్లను చూచి కాపు ఎంతయో, కోతకూలి ఎంతయో, బాడుగ ఎంతయో విడివిడిగా నోటిలెక్కతో నిలుపుకొని, మార్కెట్టు ధర వినిన క్షణముననే మొత్తము చెప్పగలడు. అనగా బడిలో రాదనిపించుకొన్న విద్యనే దినమంతయు చేయుచున్నాడు. అది బీజగణితమని మాత్రము అతనికి తెలియదు. ఆనాడు ఎవరైన ఎక్స్‌ను చీనీకాయగా చూపియుండినచో అతని బ్రతుకు ఏ దారి పట్టెడిదో చెప్పలేను. చదువు మాత్రము ఐదవనాడే ఆగిపోయెడిది కాదు.

ఈ రాత్రి మీ యింట ఎఱ్ఱగీత పడిన లెక్కల పుస్తకమున్నచో ఒక్కసారి తెరచి చూడుడు. జొన్నలనో, నాపరాళ్లనో, చీనీకాయలనో తెచ్చి ఆ ఎక్స్ స్థానమున నిలుపుడు. లెక్క రానివారమని సంకోచింపవలదు. మా అవ్వకు అక్షరమే రాదు.

కోతలు ముగిసి జొన్నల ధర తేలినపుడు అవ్వ గోడకడకు పోయి ఒక్కొక్క గీతకు ఇన్ని రూపాయలని వ్రేళ్లమీద లెక్కించెడిది. గీతలు చుక్కలయ్యెడివి. అప్పుడు మాత్రమే రెండును కలిపి ఒక్క మొత్తము చెప్పెడిది. బాకీ తీరిన తరువాత ఎఱ్ఱమట్టి కలిపిన నీళ్లతో ఆ చోటు అలికెడిది. గోడ మరల ఖాళీ. ధర తేలుదాక మాత్రము గీత గీతయే, చుక్క చుక్కయే.